రొయ్యల్లో దెబ్బతిన్నాక మళ్ళీ నిలబడటం ఎలా? గట్టు మీద షెడ్డులో రెండేళ్ళు

2021 నవంబర్‌లో పెన్నకు వచ్చిన వరదను నెల్లూరు వాళ్ళెవరూ మర్చిపోరు. సోమశిల గేట్లు ఎత్తారు. పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి, హైవే తెగింది. విడవలూరు మండలంలో నేను లీజుకు చేస్తున్న ఐదు రొయ్యల గుంటలు (చెరువులు) ఆ రాత్రే నీళ్ళలో కలిశాయి. తొంభై రోజుల రొయ్య. ఇంకో రెండు వారాల్లో పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మడం. తెల్లారి చూస్తే గట్టు ఎక్కడుందో, గుంట ఎక్కడుందో తెలియలేదు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల ఫ్యాన్లు మాత్రం అక్కడక్కడా పైకి తేలి కనిపించాయి.

అంతకుముందు రెండు పంటలు వైట్ గట్ రోగంతో పోయాయి. వానల కాలంలో పంట వేయకూడదని తెలిసీ, పోయింది రాబట్టుకుందామని వేశాను. మొత్తం అప్పు 41 లక్షలు తేలింది.

ఇప్పుడు ఆ అప్పులో ఒక్క ప్రోనోటు కూడా మిగల్లేదు. ఎలా తేరుకున్నానో అడిగిన ప్రతివాళ్ళకూ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీది రొయ్యల గుంటే కానక్కర్లేదు. పొదలకూరు వైపు నిమ్మకాయల వ్యాపారం కావచ్చు, కొండపి వైపు పొగాకు బ్యారన్ కావచ్చు, ఒంగోలులో బట్టల షాపు కావచ్చు. దెబ్బ తిన్నాక చేయాల్సిన పనుల వరస చాలావరకు ఒకటే.

ముందు ఏమీ చేయకండి

నష్టం వచ్చిన వారంలోనే మనకు పెద్ద పెద్ద ఆలోచనలు వస్తాయి. ఇంకో పది లక్షలు తెచ్చి వెంటనే ఇంకో పంట వేసేద్దాం, లేదా అన్నీ అమ్మేసి హైదరాబాద్ వెళ్ళిపోదాం. రెండూ వద్దు. కనీసం నెల రోజులు కొత్త అప్పు, కొత్త అమ్మకం, కొత్త సంతకం ఏవీ పెట్టుకోకండి.

మా మేనమామ 1994-95లో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు ఉన్నదంతా పోగొట్టుకున్న మనిషి. నాలుగేళ్ళు వేరే వాళ్ళ గుంటల దగ్గర జీతానికి కాపలా ఉండి, మళ్ళీ సొంతంగా మొదలుపెట్టాడు. వరద తీసిన మూడో రోజు వచ్చి, నా పక్కన గట్టు మీద కూర్చుని ఒకే మాట అడిగాడు. "పట్టుబడి అయినాక గుంటను ఎండబెట్టకుండా మళ్ళీ సీడ్ పోస్తావా? మరి నువ్వు ఎండకుండా మళ్ళీ యాపారం ఎట్టా చేస్తావు రా అబ్బయ్యా?"

రొయ్యల వాళ్ళకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతాను. సీడ్ అంటే రొయ్య పిల్లలు. పంట తీశాక గుంటలో నీళ్ళన్నీ తోడేసి, అడుగు నెర్రెలు ఇచ్చేదాకా ఎండనివ్వాలి. అడుగున పేరుకున్న నల్లమట్టి తీసేయాలి, సున్నం చల్లాలి. తొందరపడి ఎండబెట్టకుండా నీళ్ళు పెడితే పాత పంట రోగమే కొత్త పంటకు వస్తుంది. ఆ మూడు వారాలూ గుంట ఖాళీగానే కనిపిస్తుంది. కానీ పంటకు అసలు పని అప్పుడే జరుగుతుంది.

ఒక నోటుబుక్కు, అందులో నిజం

రెండో పని లెక్క. ఫోన్‌లో వద్దు, ఒక నోటుబుక్కు కొనండి. ఎవరికి ఎంత, ఏ తేదీ, వడ్డీ ఎంత, కాగితం ఏముంది (ప్రోనోటా, చెక్కా, తనఖానా, నోటి మాటా) అన్నీ రాయండి. నాది ఇలా వచ్చింది: ప్రోనోట్లు 18 లక్షలు, మేత డీలర్‌కు 11 లక్షలు, బంధువుల చేబదుళ్ళు 7 లక్షలు, బంగారం మీద 4 లక్షలు, కూలీలకూ డీజిలుకూ కలిపి లక్ష.

మన వైపు వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం కాబట్టి అది చిన్నగా వినిపిస్తుంది. నూటికి రెండు రూపాయలంటే నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. 18 లక్షల మీద నెలకు 36,000. ఒక్క రొయ్య కూడా పెంచకుండా, నెల తిరిగేసరికి కట్టాల్సిన డబ్బు అది. ఈ అంకెను నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఆ తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ దాని పక్కన పెట్టి చూడాలి.

ఇంట్లో చెప్పండి, తర్వాత అప్పులవాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి

నేను రెండు పంటల నష్టాన్ని ఇంట్లో దాచాను. దాచడానికి ఖర్చయింది. అదే జీతంలా నెలకింత ఇచ్చాను, అదే కారులో పెళ్ళిళ్ళకు తిరిగాను, చదివింపులు మునుపటికంటే ఎక్కువే పెట్టాను, ఎవరికీ అనుమానం రాకూడదని. తర్వాత లెక్క వేస్తే, ఏడాదిన్నరలో ఈ దాచుడుకు అయిన ఖర్చు ఒక పంట నష్టమంత తేలింది. వ్యాపారాన్ని ముంచేది నష్టం ఒక్కటే కాదు, నష్టం రానట్టు బతకాలనుకోవడం కూడా. నాకు తెలిసినంతలో ఎక్కువ మందిని ముంచింది ఈ రెండోదే. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఈ ఒక్క మాట కోసం.

నోటుబుక్కు తెచ్చి మా ఆవిడ ముందు పెట్టినప్పుడు తను చాలాసేపు పేజీలు తిప్పి, "ఇదంతా ఎవురికోసం దాచావయ్యా?" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత నిద్రపోయాను.

ఆ తర్వాత అప్పులవాళ్ళు. వాళ్ళు ఇంటికి వచ్చేలోపే మీరు వెళ్ళండి. ఫోన్ ఎత్తకపోవడం అన్నిటికంటే చెడ్డది. ఫోన్ ఎత్తని మనిషి ఊరు వదిలిపోతాడని అనుకుంటారు, గట్టిగా పట్టుకుంటారు. వెళ్ళి, నోటుబుక్కు చూపించి, "ఇంత ఉంది, నెలకు ఇంత ఇవ్వగలను, ఫలానా తేదీన ఇస్తాను" అని చెప్పండి. మీరు ఇవ్వగలిగిన దానికంటే తక్కువే ఒప్పుకోండి. ఐదు వేలు అని చెప్పి ఐదు వేలూ ఇస్తే మాట నిలుస్తుంది. పదిహేను చెప్పి పది ఇస్తే మాట పోతుంది.

ముందు ఎవరికి ఇవ్వాలన్నది నేను ఇలా పెట్టుకున్నాను. కూలీల బకాయి మొదట, ఎందుకంటే వాళ్ళ ఇంట్లో పొయ్యి దాని మీదే వెలగాలి. బంగారం వేలానికి పోకుండా వడ్డీ తర్వాత. ఆ తర్వాత ఎక్కువ వడ్డీ ఉన్నవి. బంధువుల చేబదుళ్ళు చివర. కానీ వాళ్ళందరి దగ్గరికీ మొదటి వారంలోనే వెళ్ళి చివర ఇస్తానని ముఖం మీద చెప్పాను. ఇద్దరు మాట్లాడటం మానేశారు. అప్పు తీరాక ఒకరు మళ్ళీ మాట కలిపారు.

బతికే ఖర్చును మోకాలి లోతుకు దించండి

ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే.

అప్పటికి మేం నెల్లూరు టౌన్‌లో 14,000 అద్దె ఇంట్లో ఉన్నాం. కారు వాయిదా 13,500. స్కూలు, పెట్రోలు, కేబుల్, శుభకార్యాలు అన్నీ కలిపి నెలకు 62,000 దాకా అయ్యేది. 2022 సంక్రాంతి వెళ్ళాక ఇల్లు ఖాళీ చేసి, గుంటల గట్టు మీద ఉన్న షెడ్డులోకి మారాం. సిమెంటు రేకుల కప్పు, రెండు గదులు. ఒకదాంట్లో అంతకుముందు మేత బస్తాలు ఉండేవి. కారు అమ్మేశాను, వాయిదాలు పోను చేతికి కొద్దిగా వచ్చింది. నెల ఖర్చు 19,000కి దిగింది. తేడా 43,000. అంటే ప్రోనోట్ల వడ్డీ నెల నెలా కట్టేయగా ఇంకో ఏడు వేలు అసలుకు మిగిలాయి. ఆ నెలల్లో నాకు సంపాదన ఎక్కడి నుంచి వచ్చిందో కింద చెబుతాను.

మీరూ ఇలాంటి పని చేయాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు.

ఇంటావిడ ఒప్పుకోకుండా మారకండి. మేం ముందు ఒక నెల చూద్దామనుకున్నాం, నచ్చకపోతే వెనక్కి వచ్చేయాలని. మరుగుదొడ్డి కట్టించిన తర్వాతే తను వచ్చింది. కారు అమ్మిన డబ్బులో మొదటి ఖర్చు అదే. తీరం వెంబడి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, తాగడానికి క్యాన్లు తెచ్చుకోవాలి. గట్ల మీద పాములు తిరుగుతాయి. మంచాలు ఎత్తుగా ఉండాలి, రాత్రి టార్చి లేకుండా కాలు కింద పెట్టకూడదు, పిల్లలకు ఇది రోజూ చెప్పాలి. జనరేటర్ గదికీ పడుకునే గదికీ మధ్య గోడ ఉండాలి, పొగ లోపలికి రాకూడదు.

పిల్లల చదువు మీద కోత పెట్టకండి. మా పెద్దమ్మాయి ఇంటర్‌లో ఉంది, నెల్లూరులోనే వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకుంది. చిన్నవాడిని జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్పించాం. వాడికి అక్కడ దొరికిన లెక్కల మాస్టారు మేం ఫీజులు కట్టిన చోట దొరకలేదు. దీన్ని అందరికీ వర్తించేలా చెప్పలేను, మా వాడి వరకు జరిగింది ఇది.

చుట్టాల మాటలు వస్తాయి. "షెడ్డులో కాపురమా?" అంటారు. వాళ్ళకు చెప్పడానికి ఒకే వాక్యం తయారుగా పెట్టుకోండి: "అప్పు తీరేదాకా ఇక్కడే ఉంటాం." వివరాలు వద్దు, సంజాయిషీ వద్దు. పెళ్ళిళ్ళకు వెళ్ళండి, బస్సులో వెళ్ళండి, చదివింపు 116 రాయించండి. మొదటి రెండు పెళ్ళిళ్ళలో ఒళ్ళంతా ముడుచుకుపోయినట్టు ఉంటుంది. మూడోదానికి ఎవరూ పట్టించుకోరు.

తిండి ఖర్చు నేననుకున్నంత కష్టం కాలేదు. సద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ. వారానికి రెండు రోజులు గుంట కాలవలో పడ్డ చేపలతో పులుసు. మామిడికాయల కాలంలో మామిడికాయ వేసి పెట్టి, రాత్రంతా ఉంచి మర్నాడు తింటే, టౌన్‌లో ఏ హోటల్లోనూ నాకు ఆ రుచి తగల్లేదు.

దగ్గర ఉంటే పని నేర్చుకుంటారు

షెడ్డులోకి మారడం ఖర్చు తగ్గించడానికే అనుకున్నాను. అసలు లాభం వేరే చోట వచ్చింది. టౌన్‌లో ఉన్నప్పుడు పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాణ్ణి. గుంటలో ప్రాణవాయువు అన్నిటికంటే పడిపోయేది తెల్లవారుజామున, మూడు నాలుగు గంటలప్పుడు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, ఎండ ఉండదు కాబట్టి తిరిగి ఇవ్వదు. ఆ సమయంలో రొయ్య గట్టు వారకు వచ్చి నీళ్ళ పైన తేలుతుంది. నేను ఇన్నేళ్ళ వ్యాపారంలో దాన్ని కళ్ళారా చూసింది తక్కువ, విన్నదే ఎక్కువ. షెడ్డులో పడుకుంటే ఏరియేటర్ చప్పుడు మారగానే మెలకువ వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్య పొర విడిచే రోజుల్లో మేత ఎంత తగ్గించాలో, ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే చూసి నేనే నిర్ణయించాను.

మీ వ్యాపారం ఏదైనా సరే, దెబ్బతిన్నాక మీ పనికి దగ్గరగా మారండి. షాపు అయితే కౌంటర్‌లో కూర్చోండి. నిమ్మకాయలైతే తెల్లవారుజామున వేలం పాటకు మీరే వెళ్ళండి. ఎవరో చేస్తున్న పనిని ఆరు నెలలు మీ చేతులతో చేస్తే డబ్బు ఎక్కడ కారిపోతోందో కనిపిస్తుంది. నాకు మేతలో కనిపించింది. రొయ్యల పెంపకంలో ఖర్చులో సగం మేతకే పోతుంది. మా గుంటల్లో తినేదానికంటే ఎక్కువ వేస్తున్నాం, మిగిలింది అడుగున కుళ్ళి మళ్ళీ రోగానికి దారి తీస్తోంది.

రోజువారీ డబ్బు కోసం రెండో పని

పంట చేతికి రావాలంటే మూడున్నర నెలలు. అంతదాకా ఇల్లు నడవాలి. నాకు మోటార్ల పని కొంచెం తెలుసు. చుట్టుపక్కల గుంటల ఏరియేటర్లు రిపేరు చేయడం మొదలుపెట్టాను. ఐదు గుంటలు నడిపినవాణ్ణి, పక్కవాళ్ళ గుంటలో దిగి మోటారు విప్పడం మొదట్లో సిగ్గుగా అనిపించింది. నెల తిరిగేసరికి, ఈ పనికి డబ్బు ఆ రోజుకా రోజే వస్తుందని అర్థమై సిగ్గు పోయింది. మా ఆవిడ విడవలూరులో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. మోటార్ల పని కూడా రొయ్యల మీదే ఆధారపడింది. రేటు పడితే అదీ పడుతుంది. కుట్టుపనికి ఆ భయం లేదు. కాబట్టి ఇంట్లో ఒక సంపాదనైనా మీ అసలు వ్యాపారంతో సంబంధం లేనిదిగా చూసుకోండి.

కాగితాల విషయం జాగ్రత్త

ప్రోనోటుకు మూడేళ్ళలో కాలదోషం పడుతుంది. అందుకే మూడేళ్ళు నిండకముందే అప్పిచ్చినవాళ్ళు తిరగరాయించుకోవడానికి వస్తారు. అప్పటికి కట్టని వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తారు. పది లక్షలకు రెండు రూపాయల చొప్పున మూడేళ్ళ వడ్డీ 7 లక్షల 20 వేలు. కొత్త నోటు 17 లక్షల 20 వేలకు. ఇక నెల వడ్డీ 20,000 కాదు, 34,400. చాలా కుటుంబాలు మునిగేది ఇక్కడే.

అప్పు ఎగ్గొట్టమని నేను చెప్పను. కానీ తిరగరాయడానికి బదులు ఇంకో దారి ఉంది. ఎంతో కొంత కట్టి, ఆ చెల్లింపును పాత నోటు వెనకే తేదీ వేసి, చెల్లు రాసి సంతకం పెట్టండి. గడువు లోపల అలా రాస్తే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. అప్పిచ్చినాయనకు భద్రత ఉంటుంది, మీ అసలు పెరగదు. నాకు ప్రోనోట్ల మీద అప్పిచ్చిన ముగ్గురినీ అడిగితే ఇద్దరు ఒప్పుకున్నారు.

ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు, రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు. నోటీసు వస్తే పారేయకండి. అందిన 15 రోజుల్లోపు కట్టేస్తే కేసు ఉండదు. కేసు అయినా సరే, లోక్ అదాలత్‌లో రాజీ పడే వీలుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాళ్ళు నడుపుతారు, అక్కడ రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. నా మూడో ప్రోనోటు అక్కడే తేలింది.

పూర్తిగా కట్టిన రోజు అసలు నోటు చేతికి తీసుకోకుండా ఇంటికి రాకండి.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఒక్క గుంట

నాలుగు గుంటల లీజు వదిలేశాను. ఒకటే ఉంచుకున్నాను. వన్నామీ రకం రొయ్యకు చదరపు మీటరుకు 60 దాకా సీడ్ వేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఎకరాకు అది రెండు లక్షల నలభై వేల పైమాట. నేను 30 చొప్పున వేశాను, ఎకరాకు లక్షా ఇరవై వేలు. పట్టుబడి తక్కువే, కానీ మేత, కరెంటు, రోగం భయం కూడా తగ్గాయి. సీడ్‌కు రోగం ఉందో లేదో చెప్పే పీసీఆర్ టెస్టు చేయించకుండా ఒక్క పిల్ల కూడా పోయలేదు. మేత నగదుకే కొన్నాను. అరువు మేతకు రేటు ఎక్కువ, పైగా అరువిచ్చిన వాళ్ళు చెప్పిన వాళ్ళకే, చెప్పిన రేటుకే రొయ్య అమ్మాల్సి వస్తుంది.

లాభం వచ్చిన మొదటి పంటకు చేయి దురద పెడుతుంది, రెండో గుంట తీసుకుందామని. నేను మూడు పంటలు ఆగాను. రెండో పంట డబ్బు చేతిలో ఉంచుకుని మొదటి పంట వేయడం అలవాటు చేసుకున్నాను. అంటే ఈ పంట మొత్తం పోయినా, అప్పు తేకుండా తర్వాతది వేయగలగాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు కౌంట్ రేట్లు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధరలు) పడిపోయి చుట్టుపక్కల అందరూ టెన్షన్‌లో ఉన్నారు. నేనూ నష్టానికే అమ్మాను. కానీ ఎవరి దగ్గరికీ చేయి చాపకుండా తర్వాతి పంట వేశాను.

మనసు గురించి

వరద తర్వాత కొన్ని రాత్రులు గట్టు మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు మంచి ఆలోచనలు రాలేదు. మీకూ అలా వస్తే ఆ రాత్రే ఎవరికైనా చెప్పండి, తెల్లారేదాకా ఆగకండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డబ్బు అప్పు తీరుతుంది, మెల్లగా తీరుతుంది. దాన్ని తీర్చడానికి మీరు ఉండాలి.

మీ ఊళ్ళో అంతకుముందు దెబ్బతిని లేచిన మనిషిని వెతుక్కోండి. మా తీరంలో 94 వైరస్ చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు పది నిమిషాల్లో చెప్పింది నేను ఎక్కడా చదవలేదు.

ఎప్పుడు బయటికి రావాలి

షెడ్డు జీవితానికి కూడా ఒక తేదీ ఉండాలి, లేకపోతే ఇంట్లో వాళ్ళు అలిసిపోతారు. మేం రెండు గుర్తులు పెట్టుకున్నాం: చివరి ప్రోనోటు చేతికి రావాలి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. 2024 ఫిబ్రవరిలో రెండూ కుదిరాయి. విడవలూరులోనే 5,000 అద్దెకు చిన్న ఇల్లు తీసుకున్నాం, నెల్లూరుకు తిరిగి వెళ్ళలేదు. కారు కొనలేదు. గుంటలు ఇప్పుడు రెండు.

పంట ఉన్న రోజుల్లో నేను షెడ్డులోనే పడుకుంటాను. మనకు వాన ఎక్కువగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, దసరాకు ముందే రేకుల బోల్టులు బిగించి, గట్టు బలహీనంగా ఉన్న చోట ఇసుక బస్తాలు పేర్చి, ఆ మూడు నెలలూ గుంటలు ఖాళీగా ఉంచుతున్నాను.